పొలంలో ఆమె, పాసుపుస్తకంలో ఆయన

(జనగామలో మహిళా రైతుల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. ఊళ్ల నుంచి పొద్దున్నే పనులు ముగించుకుని వచ్చిన అమ్మలకు, అక్కలకు, కాలేజీ నుంచి వచ్చిన పిల్లలకు కూడా. వెనకాల కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, మైకు పెంచుతారు.

ఈ 2026వ సంవత్సరాన్ని ఐక్యరాజ్యసమితి మహిళా రైతుల సంవత్సరంగా ప్రకటించింది. అందుకని గ్రామీణ భారతంలో మహిళల హక్కుల చరిత్ర గురించి మాట్లాడమన్నారు. అది చాలా పెద్ద విషయం. చదువు ఉంది, పెళ్లి వయసు ఉంది, కూలి ఉంది, ఓటు ఉంది, జోగిని దురాచారం ఉంది. అన్నీ ముట్టుకుంటే ఏదీ చెప్పినట్టు కాదు. నేను ఒక్కటే పట్టుకుంటాను. భూమి.

ఎందుకు భూమే? పల్లెలో అప్పు పుట్టాలంటే భూమి అడుగుతారు. సంబంధం చూడాలంటే భూమి అడుగుతారు. పంచాయితీలో ఎవరి మాట వింటారు అంటే, భూమి ఉన్నవాళ్ల మాట వింటారు. ఆఖరికి మొగుడు కొడితే ఎక్కడికి పోవాలి అన్న ప్రశ్న కూడా భూమి దగ్గరికే వస్తుంది. తలదాచుకోవడానికి తనదంటూ ఒక చోటు ఉందా, లేదా?

ఒకసారి చేతులెత్తండి. నాట్లు వేసినవాళ్లు, కలుపు తీసినవాళ్లు, పత్తి ఏరినవాళ్లు ఎంతమంది? దాదాపు అందరూ ఎత్తారు. దించండి. ఇప్పుడు సొంత పేరున పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాళ్లు మాత్రమే ఎత్తండి. చూశారా? కాలేజీ పిల్లలూ, మీరు చూశారా? నేను చెప్పబోయేదంతా ఈ రెండు సార్లు ఎత్తిన చేతుల మధ్య ఉంది.

దేశం లెక్క కూడా ఇదే. పల్లెల్లో పనిచేసే ఆడవాళ్లలో నలుగురిలో ముగ్గురు వ్యవసాయంలోనే ఉన్నారు. 2015-16 వ్యవసాయ గణన చూస్తే, సాగు కమతాల్లో ఆడవాళ్ల చేతిలో ఉన్నవి దాదాపు 14 శాతం. విస్తీర్ణం చూస్తే 12 శాతం లోపే. పని మూడొంతులు, పేరు పిసరంత. ఇది ఎవరో దొంగతనంగా ఒక్క రాత్రిలో చేసింది కాదు. శాస్త్రం, చట్టం, ఆచారం, ఆఫీసు, నాలుగూ కలిసి చేసిన పని ఇది. ఎట్లా చేశాయో చెప్తాను.

మన దగ్గర హిందూ కుటుంబాల్లో ఆస్తి పంపకం మితాక్షర అనే పాత ధర్మశాస్త్ర గ్రంథం చెప్పిన పద్ధతి. దాన్ని రాసిన విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుల కాలం మనిషి. ఆ కల్యాణి ఎక్కడో కాదు, పాత హైదరాబాద్ రాజ్యంలోని బీదర్ జిల్లాలోనే ఉంది. ఆ పద్ధతిలో మగపిల్లవాడు పుట్టగానే పిత్రార్జితంలో వాటాదారు అయిపోతాడు. ఇంకా కళ్లు తెరవలేదు, పాలు తాగడం రాలేదు, వాటా మాత్రం వచ్చేసింది. ఆడపిల్ల పుడితే? ఆమెను పెంచాలి, పెళ్లి చేయాలి, పంపాలి. వాటా లేదు. ఉన్న ఇంట్లో ఆమె ఉండటమే కొంతకాలం అన్న లెక్క. ఇప్పటికీ మన నోటివెంట వచ్చే "ఆడపిల్ల" అంటే "ఆడ" పిల్లే, "ఈడ" పిల్ల కాదు అనే మాట విన్నారు కదా. ఆ మాట వెనకాల ఉన్నది ఆస్తి లెక్క.

బ్రిటిషువాళ్ల కాలంలో 1937లో ఒక చట్టం వచ్చింది, హిందూ స్త్రీల ఆస్తి హక్కు చట్టం. భర్త చనిపోతే భార్యకు వాటా ఇచ్చింది. కానీ అది బతికున్నంత కాలం అనుభవించే వాటా మాత్రమే, అమ్ముకోవడానికి లేదు. సరే, అదైనా వచ్చిందా? 1941లో ఫెడరల్ కోర్టు ఏమన్నదంటే, వ్యవసాయ భూమి మీద చట్టం చేసే అధికారం కేంద్ర శాసనసభకు లేదు, కాబట్టి ఆ భూములకు ఇది వర్తించదు అన్నది. ఆలోచించండి. పల్లెలో వితంతువుకు భూమి కాకుండా ఇంకేం ఆస్తి ఉంటుంది? అదే 1937లో ముస్లింల కోసం షరియత్ చట్టం వచ్చింది. అందులో కూడా వ్యవసాయ భూమిని పక్కన పెట్టారు. మతం ఏదైనా సరే, పొలం దగ్గరికి వచ్చేసరికి అందరూ ఒకే చోట ఆగారు. ఇక మన నిజాం రాజ్యానికి ఆ బ్రిటిష్ ఇండియా చట్టాలు నేరుగా వర్తించనే లేదు.

స్వాతంత్య్రం వచ్చింది. అంబేడ్కర్ గారు న్యాయశాఖ మంత్రిగా హిందూ కోడ్ బిల్లు పట్టుకున్నారు. కూతురికి కొడుకుతో సమానంగా వాటా అన్నారు. పుట్టగానే మగపిల్లవాడికి మాత్రమే వాటా వచ్చే పద్ధతినే తీసేద్దామన్నారు. మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి లాంటివాళ్లు రాజ్యాంగ సభలో ఆడవాళ్ల ఆస్తి హక్కు కోసం గట్టిగా మాట్లాడారు. ఎదురు నిలిచినవాళ్లు ఏమన్నారు? కుటుంబాలు విడిపోతాయి అన్నారు. అన్నాచెల్లెళ్ల మధ్య ప్రేమ పోతుంది అన్నారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను. బిల్లు కదలలేదు. 1951 సెప్టెంబరులో అంబేడ్కర్ గారు మంత్రి పదవికి రాజీనామా చేశారు. ఆయన చెప్పిన కారణాల్లో ఈ బిల్లుకు పట్టిన గతి ఒకటి. ఆడవాళ్ల వాటా ఆగిపోయిందని ఒక మంత్రి కుర్చీ వదులుకున్నాడు. ఆయన విగ్రహం ప్రతి ఊళ్లో ఉంది. ఈ సంగతి ఎన్ని ఊళ్లలో చెప్పుకుంటున్నాం?

1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. అందరూ కూతురికి సమాన హక్కు వచ్చేసింది అన్నారు. వచ్చిందా? లెక్క వేద్దాం. కాగితం, పెన్ను ఉన్నవాళ్లు రాసుకోండి.

ఒక ఇంట్లో పిత్రార్జితం పన్నెండు ఎకరాలు. తండ్రి, తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. తండ్రి వీలునామా రాయకుండా చనిపోయాడు. 1956 లెక్క ప్రకారం ముందు ఆ పన్నెండు ఎకరాలను వాటాదారుల మధ్య పంచినట్టు అనుకోవాలి. వాటాదారులు ఎవరు? తండ్రి, ఇద్దరు కొడుకులు. తలా నాలుగు ఎకరాలు. ఆ తర్వాత తండ్రికి వచ్చిన నాలుగు ఎకరాలను మాత్రమే తల్లికి, ఇద్దరు కొడుకులకు, కూతురికి సమానంగా పంచాలి. తలా ఒక ఎకరం. ఇప్పుడు కూడండి. కొడుక్కి నాలుగూ ఒకటీ, ఐదు. ఇంకో కొడుక్కి ఐదు. తల్లికి ఒకటి. కూతురికి ఒకటి. అర్థమైందా? అన్నకు ఐదు, చెల్లెకు ఒకటి. దాన్ని సమాన హక్కు అన్నారు.

ఇంకా ఉంది. ఉన్న ఇంటిని పంచమని కూతురు అడగడానికి వీల్లేదు, కొడుకులు పంచుకుంటామని అనేదాకా ఆగాలి. పెళ్లయిన కూతురికి ఆ ఇంట్లో ఉండే హక్కు కూడా లేదు, మొగుడు వదిలేస్తేనో చనిపోతేనో తప్ప. ఆమె వాటా ఉన్న ఇల్లే, ఆమె పుట్టిన ఇల్లే. ఇంకోటి, కొడుకు ముందే చనిపోతే ఆ కోడలికి మామ ఆస్తిలో వాటా ఉంది, కానీ మామ పోయేలోపు మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ వాటా పోతుంది. భార్య పోయి మళ్లీ పెళ్లి చేసుకున్న కొడుక్కి ఇట్లాంటి షరతు ఉందా? లేదు. ఈ షరతులన్నీ చట్టంలో నల్లటి అక్షరాలతో 2005 దాకా ఉన్నాయి.

ఈ చట్టానికి ముందే, తెలంగాణ సాయుధ పోరాట కాలంలో, మన నేల మీద ఇంకో కథ నడిచింది. పాలకుర్తి ఇక్కడికి ఎంత దూరం? ఐలమ్మ గారి గురించి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. కానీ ఒక్క విషయం ఈ కోణంలో చూడండి. ఐలమ్మ కౌలు రైతు. చాకలి కులంలో పుట్టిన మనిషి, మల్లంపల్లి భూస్వామి దగ్గర భూమి కౌలుకు తీసుకుని సాగు చేసింది. విసునూరు దేశ్‌ముఖ్‌కు అది కంటగింపు అయింది. పంట మీదికి మనుషులను పంపాడు. ఆంధ్ర మహాసభ సంఘం వాళ్లు, ఆమె ఇంటివాళ్లు కలిసి పంట కోసి ధాన్యం ఇంటికి చేర్చారు. ఆమె ఇల్లు తగలబెట్టారు, అయినా వెనక్కి తగ్గలేదు. భూమి దున్నినవాడిది అన్నారు ఆ పోరాటంలో. దున్నినవాడిది. మరి నాటు వేసినదానిది? ఆ ప్రశ్న అప్పుడు ఎవరూ గట్టిగా అడగలేదు. తుపాకులు మోసిన ఆడవాళ్లు, దళాలకు అన్నం మోసిన ఆడవాళ్లు, 1951లో పోరాటం విరమించాక ఎవరి ఇళ్లకు వాళ్లు వెళ్లిపొమ్మన్నారని తర్వాత చెప్పుకుని బాధపడ్డారు.

తర్వాత భూసంస్కరణలు వచ్చాయి. 1973 భూ గరిష్ఠ పరిమితి చట్టం తీసి చదవండి. ఒక కుటుంబానికి ఇంత భూమి ఉండొచ్చు అని పెట్టారు. మేజరైన కొడుకు ఉంటే అతని కోసం అదనంగా ఉంచుకోవచ్చు అన్నారు. మేజరైన కూతురు ఉంటే? ఆమె పేరున అదనం లేదు. చట్టం రాసినవాళ్ల కళ్లకు కొడుకు రైతు, కూతురు రేపో మాపో వెళ్లిపోయే మనిషి. భూమి పంచిపెట్టినప్పుడు కూడా పట్టా ఇంటిపెద్ద పేరున అన్నారు. ఇంటిపెద్ద అంటే ఎవరో మీకు తెలుసు.

దీన్ని మొదట సూటిగా అడిగిన పల్లె ఆడవాళ్లలో బీహార్‌లోని బోధ్‌గయ వాళ్లను చెప్పుకోవాలి. అక్కడ మఠం చేతిలో వేల ఎకరాలు. 1970ల చివర భూమిలేని కూలీలు పోరాటం మొదలుపెట్టారు. భూమి పంచే దశ వచ్చింది. అప్పుడు ఆడవాళ్లు నిలబడి, దెబ్బలు మేమూ తిన్నాం, మా పేరున పట్టా ఇవ్వండి అన్నారు. సొంత మగవాళ్లతోనే వాదన పడాల్సి వచ్చింది. ఆడదాని పేరున భూమి పెడితే ఆమె ఇంకొకడితో పోతే ఎట్లా అన్నవాళ్లు ఉన్నారు. భూమి మగవాడి పేరున ఉండి అతను ఇంకొకతెతో పోతే ఏం చేయాలని ఎవరైనా అడిగారా? చివరికి కొన్ని ఊళ్లలో ఆడవాళ్ల పేరున పట్టాలు వచ్చాయి. మహారాష్ట్రలో శరద్ జోషి గారి షేత్కరీ సంఘటన అనే రైతు సంఘం లక్ష్మీ ముక్తి అని ఒక కార్యక్రమం పెట్టి, భార్యల పేరున భూమి రాయమని మగ రైతులనే అడిగింది. చాలామంది రాశారు కూడా. అడిగితే రాసే మగవాళ్లు ఉన్నారు, నేను కాదనను.

ఇప్పుడు మన ఉమ్మడి రాష్ట్రం సంగతి. దేశంలో పిత్రార్జితంలో కూతురిని కొడుకులాగే పుట్టుకతో వాటాదారుగా చేసిన మొదటి రాష్ట్రం ఆంధ్రప్రదేశే. ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. అదే నెల 10న ఐలమ్మ గారు కన్నుమూశారు. ఐదు రోజుల తేడా. ఆ తర్వాత తమిళనాడు 1989లో, మహారాష్ట్ర, కర్ణాటక 1994లో ఇదే దారిలో నడిచాయి. కానీ మన చట్టంలో ఒక మెలిక ఉంది. ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లకు వర్తించదు అన్నారు. అంటే ఈ సభలో ఉన్న పెద్దమ్మలు చాలామంది అప్పటికే అత్తారింట్లో ఉన్నారు. ఇరవై ఏళ్లు వాళ్లు బయటే ఉండిపోయారు.

2005 సెప్టెంబరు 9న కేంద్ర చట్టం మారింది. పెళ్లయిందా లేదా అన్న తేడా పోయింది. ఇంటి షరతు పోయింది. మళ్లీ పెళ్లి చేసుకున్న కోడలి షరతు పోయింది. వ్యవసాయ భూమికి వేరే లెక్క అన్న మాట కూడా పోయింది. ఇప్పుడు అదే పన్నెండు ఎకరాల లెక్క మళ్లీ వేద్దాం. వాటాదారులు తండ్రి, ఇద్దరు కొడుకులు, కూతురు. తలా మూడు ఎకరాలు. తండ్రి మూడు ఎకరాలు తల్లికి, ముగ్గురు పిల్లలకు పంచితే తలా ముప్పై గుంటలు, అంటే ముప్పావు ఎకరం. కూతురికి మూడు ఎకరాల ముప్పై గుంటలు. ఒక్కో కొడుక్కి కూడా మూడు ఎకరాల ముప్పై గుంటలు. ఒక ఎకరం ఎక్కడ, మూడు ఎకరాల ముప్పై గుంటలు ఎక్కడ?

తర్వాత కూడా కోర్టుల్లో చాలాకాలం గొడవ నడిచింది. 2005 నాటికి తండ్రి బతికి ఉంటేనే కూతురికి వాటా అని 2015లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. వాటా పుట్టుకతో వచ్చేది, తండ్రి ఆ రోజుకు బతికి ఉన్నాడా లేదా అన్నది అక్కర్లేదు అన్నారు. ఇంకో ముఖ్యమైన మాట కూడా అన్నారు. "మేం ఎప్పుడో నోటిమాటతో పంచుకున్నాం" అంటే ఊరికే నమ్మడానికి వీల్లేదు, రిజిస్టరు కాగితమో కోర్టు డిక్రీయో ఉండాలి, లేదంటే ప్రభుత్వ రికార్డుల్లాంటి గట్టి ఆధారం ఉండాలి అన్నారు. ఇది రాసుకోండి. ఎందుకంటే మీరు వాటా అడిగిన మరుసటి రోజే ఈ నోటిమాట పంపకం పుట్టుకొస్తుంది. 2004 డిసెంబరు 20కి ముందు సక్రమంగా రిజిస్టరైన పంపకాలు ఉంటే మాత్రం వాటిని తిరగదోడలేం. అది కూడా తెలిసి ఉండాలి. తండ్రి స్వార్జితమైతే ఆయన వీలునామా రాసి ఎవరికైనా ఇచ్చుకోవచ్చు, అదీ తెలిసి ఉండాలి.

తండాల నుంచి వచ్చిన అక్కలు నన్ను పొద్దున అడిగారు, ఇది మాకు వర్తిస్తుందా అని. నిజం చెప్పాలి. హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డు తెగలకు నేరుగా వర్తించదు. లంబాడా ఆడపిల్లలు, కోయ ఆడపిల్లలు ఇప్పటికీ ఆచారం ఏం చెప్తే అది అన్న స్థితిలో ఉన్నారు. 2022లో సుప్రీంకోర్టు దీన్ని మార్చే సంగతి చూడమని కేంద్రానికి చెప్పింది. 2025 జులైలో ఒక ఆదివాసీ మహిళ వారసుల కేసులో, ఆడవాళ్లకు వాటా లేదనే ఆచారం ఉందని రుజువు చేయకుండా ఊరికే వాటా లేదనడం సమానత్వానికి విరుద్ధమని చెప్పింది. దారి కొంచెం తెరుచుకుంది, అంతే. చట్టం రావాలి. అయితే 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టా మాత్రం భార్యాభర్తలిద్దరి పేరున ఇవ్వాలని చట్టంలోనే ఉంది. మీ పట్టాలో మీ పేరు లేకపోతే అడగండి.

సరే, చట్టం మారింది. 2005 నుంచి లెక్కేస్తే ఇరవై ఏళ్లు దాటింది. మరి ఇందాక చేతులు ఎందుకు లేవలేదు?

ఇప్పుడు అసలు సంగతి. తహసీల్ ఆఫీసు దగ్గర జరిగేది చెప్తాను. తండ్రి చనిపోయాడు. విరాసత్ చేయించాలి, అంటే పట్టా వారసుల పేరున మారాలి. స్లాట్ బుక్ చేస్తారు. వారసులందరూ ఒప్పుకోవాలి, కాబట్టి కూతురు రావాలి. తమ్ముడు ఫోన్ చేస్తాడు, "అక్కా, ఒక్క సంతకం ఉంది, వచ్చి పో." ఆమె రెండు బస్సులు మారి వస్తుంది. ఆధార్ జిరాక్స్ తెచ్చుకుంటుంది, పాస్‌పోర్టు ఫోటోలు తెచ్చుకుంటుంది. చెట్టు కింద డాక్యుమెంట్ రైటర్ అప్పటికే అంతా టైపు చేసి పెట్టాడు. ఆ కాగితం నేను ఎన్నోసార్లు చదివాను. దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి. "నాకు పెళ్లి సమయంలో పసుపు కుంకుమల కింద ముట్టవలసినది ముట్టినందున, పై ఆస్తిలో నాకు ఎటువంటి వాటా అవసరం లేదని, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా మనస్ఫూర్తిగా వదులుకుంటున్నాను." ఎవరి ఒత్తిడీ లేకుండా! ఆ పక్కనే అన్న ఉన్నాడు, వదిన ఉంది, తల్లి తల దించుకుని ఉంది. ఆమెకు టెన్షన్, సాయంత్రం బస్సు దొరుకుతుందా అని. "ఇక్కడ వేలు పెట్టమ్మా" అంటారు. మిషన్ మీద వేలు పెడుతుంది. ఒకసారి పడదు, నాట్లు వేసి వేసి వేలి గీతలు అరిగిపోయి ఉంటాయి. కొంగుకు తుడుచుకుని మళ్లీ పెడుతుంది. ఆ నిమిషంలో మూడు ఎకరాల ముప్పై గుంటలు పోతాయి. పార్లమెంటులో యాభై ఏళ్లు కొట్లాడితే వచ్చిన హక్కు ఆ ఆఫీసు బల్ల దగ్గర ఒక్క నిమిషంలో పోతుంది.

ఆమెకు తెలియకనా? కొందరికి తెలియదు. కానీ చాలామందికి తెలుసు! నా దగ్గరికి వచ్చి, మేడం, నాకు వాటా ఉందని తెలుసు, కానీ అడిగితే బతుకమ్మకు నన్ను పిలిచేవాళ్లు ఉండరు అంటారు. ఒడిబియ్యం పోసేవాళ్లు ఉండరు, రేపు నా బిడ్డ పెళ్లికి మేనమామ రాడు, అత్తారింట్లో ఏదైనా జరిగితే నాకు వెనక ఎవరున్నారు అంటారు. ఇది అజ్ఞానం అనుకునేవాళ్లకు పల్లె తెలియదు. ఆమె చాలా లెక్క వేసుకునే సంతకం పెడుతోంది. పుట్టిల్లు ఒక్కటే ఆమెకు ఉన్న భరోసా. ఆ భరోసా నిలబెట్టుకోవడానికి వాటా ఇచ్చేస్తోంది. కొడుకును ఎవరైనా ఇట్లా అడుగుతారా? నీకు అక్క కావాలా, భూమి కావాలా అని? అతనికి రెండూ ఉంటాయి. ఆమెను మాత్రం ఏదో ఒకటి ఏరుకోమంటారు. హిందూ కోడ్ బిల్లు నాటి మాట గుర్తుంచుకోమన్నాను కదా, అన్నాచెల్లెళ్ల ప్రేమ పోతుందన్న మాట. డెబ్బై అయిదేళ్లుగా ఆ ప్రేమ ఖర్చంతా చెల్లెలి ఖాతాలోనే పడుతోంది.

ఇంకో మాట అంటారు, కట్నం ఇచ్చాం కదా అని. కట్నం ఎవరికి ఇచ్చారు? ఆమె పేరున బ్యాంకులో వేశారా? అల్లుడికి ఇచ్చారు, బండి కొన్నారు, అత్తగారి ఇంటి స్లాబు పడింది. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం ఇవ్వడమూ తప్పే, తీసుకోవడమూ తప్పే. పైగా ఎవరి చేతికి ముట్టినా అది మూడు నెలల్లో ఆ అమ్మాయికే అప్పగించాలని ఆ చట్టమే చెప్తోంది. చేయకూడని పని చేసి, దాన్ని చూపించి ఇవ్వాల్సింది ఎగ్గొట్టడం ఏ న్యాయం?

అన్నదమ్ములందరూ దుర్మార్గులని నేను అనట్లేదు. తెలంగాణలో సగటు కమతం రెండున్నర ఎకరాలు. అంత చిన్న ముక్కను ఐదుగురు పంచుకుంటే ఎవరికీ పొలం మిగలదు, నిజమే. కానీ పేరు వేరు, దున్నడం వేరు. తమ్ముడే దున్నుకోనీ. ఊళ్లో అందరికీ ఇచ్చే కౌలు అక్కకూ ఇవ్వనీ. పట్టాలో ఆమె పేరు ఉండనీ. లేదా ఆమె వాటాకు మార్కెట్ ధర కట్టి చెక్కు రూపంలో ఇవ్వనీ, తర్వాత విడుదల పత్రం రాయించుకోనీ. ఇట్లా ఒప్పుకుని చేసుకున్న కుటుంబాలు నాకు తెలుసు. వాళ్ల ఇళ్లలో బతుకమ్మ ఆగలేదు.

పేరు లేకపోతే ఏమవుతుందో ఆత్మహత్య చేసుకున్న రైతుల ఇళ్లకు వెళ్లి చూడండి. భర్త పోతాడు, అప్పు ఆమె మీద పడుతుంది. భూమి మామ పేరున ఉంటుంది. 2018లో రైతుబంధు వచ్చినా, రైతుబీమా వచ్చినా పట్టాదారు పేరు చూసే కదా ఇచ్చారు. పట్టా మామదైతే కొడుకు రైతు కాదు, కోడలు అసలే కాదు. భర్త చనిపోయాక ఆ ఇంట్లో ఆమె నోరెత్తితే, నీకేముంది ఇక్కడ అంటారు. ఉంది! మామ వీలునామా రాయకుండా పోతే, ముందే చనిపోయిన కొడుకు భార్య కూడా మొదటి తరగతి వారసురాలే. కౌలు చేసుకునే ఒంటరి ఆడవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. ఐలమ్మ గారికి కౌలు కాగితం లేదు, నేటి కౌలు అక్కలకు ఎంతమందికి ఉంది? 2007 జాతీయ రైతు విధానం, సొంత భూమి లేకపోయినా సాగు చేసేవాళ్లంతా రైతులే అని రాసింది. వ్యవసాయ శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్ గారు రాజ్యసభలో మహిళా రైతుల హక్కుల కోసం ప్రైవేటు బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు.

ఆస్తి ఉంటే ఇంట్లో ఏం మారుతుంది? కేరళలో తిరువనంతపురం జిల్లాలో బీనా అగర్వాల్, ప్రదీప్ పండా ఒక సర్వే చేశారు. భూమీ ఇల్లూ ఏదీ లేని ఆడవాళ్లలో 49 శాతం మంది భర్త చేతిలో దెబ్బలు తిన్నవాళ్లే. రెండూ సొంత పేరున ఉన్నవాళ్లలో 7 శాతం. ఆస్తి ఒక్కటే కారణమని అనను. కానీ పోవడానికి ఒక చోటు ఉందని తెలిసినప్పుడు కొట్టే చెయ్యి కూడా ఆలోచిస్తుంది.

నెల్లూరు జిల్లా దూబగుంట సంగతి మీకు తెలుసు. అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లు, రోశమ్మ లాంటివాళ్లు, 1992లో సారా మీద లేచారు. సారా వేలంపాటలను ఆపించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. చదువు రాదని పక్కన పెట్టినవాళ్లు ప్రభుత్వ ఆదాయాన్నే ఆపించారు. అంత శక్తి చూపించినవాళ్ల ఇళ్లలో కూడా, తాగడానికి పొలం తాకట్టు పెట్టే సంతకం మొగుడిదే. ఎందుకంటే పట్టా అతని పేరున ఉంది. ఉపాధి హామీ పని 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఆడకూలి, మగకూలి అని తేడా లేకుండా ఒకే రేటు చాలామంది ఆడవాళ్లు మొదట చూసింది అక్కడే. పంచాయతీల్లో సగం సీట్లు వచ్చాయి. పొదుపు సంఘాలు వచ్చాయి. ఇవన్నీ మంచివే. అయినా సంఘం అప్పు ఆమె పేరున, ఆ అప్పుతో బోరు వేసిన పొలం ఆయన పేరున ఉంటే, బోరులో నీళ్లు పడకపోతే కిస్తీ ఎవరు కడుతున్నారు?

మన దగ్గర 2014లో దళిత కుటుంబాలకు మూడెకరాల పథకం మొదలుపెట్టినప్పుడు పట్టా ఆడవాళ్ల పేరునే అన్నారు. అందింది కొద్దిమందికే. కానీ అందిన ఇళ్లలో ఆమెను బ్యాంకువాళ్లు, వ్యవసాయాధికారి పేరు పెట్టి పిలవడం నేను చూశాను. అది రాసిన విధానం మంచిది. అందరికీ అందేలా అడగాల్సిన బాధ్యత మనది.

కాలేజీ పిల్లలూ, మీకు ఒక పని చెప్తున్నాను. ఈ రోజు ఇంటికి వెళ్లి మీ అమ్మను అడగండి, అమ్మా, తాతయ్య భూమిలో నువ్వు ఎప్పుడైనా సంతకం పెట్టావా అని. గొడవ కోసం కాదు, తెలుసుకోవడానికి. మీ ఇంట్లో అన్నదమ్ములు ఉంటే వాళ్లనూ కూర్చోబెట్టి ఇందాకటి పన్నెండు ఎకరాల లెక్క వేయించండి.

అక్కలకు రెండే మాటలు. చదివి వినిపించకుండా ఏ కాగితం మీదా వేలు పెట్టకండి. విడుదల పత్రం అని ఉంటే, హక్కు వదులుకోవడం అని ఉంటే, ఈ రోజు కుదరదు, ఆలోచించుకుని చెప్తాను అని లేచి రండి. స్లాట్ మళ్లీ దొరుకుతుంది, పోయిన భూమి దొరకదు. ఇంకోటి, కోర్టు ఖర్చులకు భయపడకండి. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును పెట్టాలి. కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, తెల్లకాగితం మీద దరఖాస్తు రాసిస్తే చాలు.

నా మాటలు ఇక్కడితో ఆపుతాను, ఎందుకంటే మీరు కాగితాలు పట్టుకుని వచ్చారు. పాసుపుస్తకం, పాత పహాణీ, తండ్రిగారి మరణ ధ్రువపత్రం తెచ్చుకున్నవాళ్లు ఈ పక్కకు రండి. విడుదల పత్రం మీద ఇప్పటికే సంతకం పెట్టినవాళ్లు కూడా రండి. మోసం చేసి పెట్టించినా, చదివి చెప్పకుండా పెట్టించినా దాన్ని సవాలు చేయొచ్చు, అయితే గడువు ఉంటుంది కాబట్టి తేదీ చూడాలి. తండాల అక్కలు పోడు పట్టాలు తీసి చేతిలో పెట్టుకోండి, ముందు మీవే చూద్దాం.